పాత గేమింగ్ ల్యాప్‌టాప్‌కు కొత్త గ్రాఫిక్స్ కార్డ్: ఎం.2 స్లాట్ ద్వారా బిగించే పద్ధతి

"ల్యాప్‌టాప్ విప్పి, పాత గ్రాఫిక్స్ చిప్ తీసేసి కొత్తది పెట్టించుకోవచ్చా?" అని అడిగేవాళ్లకు సూటి జవాబు: మీ మెషీన్ కొన్ని పాత బరువైన మోడళ్లలో ఒకటైతే తప్ప, కుదరదు. చిప్పూ, దాని చుట్టూ ఉన్న మెమరీ ముక్కలూ మదర్‌బోర్డుకే టంకం వేసి ఉంటాయి. "చిప్ మార్చేస్తాం" అనే రిపేర్ షాపులు సాధారణంగా అదే మోడల్ చిప్పును మళ్లీ అతికిస్తాయి. పై మోడల్ చిప్ పెట్టాలంటే వీడియో బయాస్ (చిప్పును లేపే చిన్న ప్రోగ్రామ్), మెమరీ, కరెంటు సర్క్యూట్ అన్నీ దానికి తగ్గట్టు ఉండాలి. ఆ దారి వదిలేయండి.

పనిచేసే దారి వేరే ఉంది. డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ కార్డును బయట పెట్టి, ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ కూర్చునే ఎం.2 స్లాట్ గుండా కలపడం. ఆ స్లాట్‌లోకి వెళ్లేది మామూలు పీసీఐఈ (ప్రాసెసర్‌కూ కార్డులకూ మధ్య డేటా నడిచే దారి) లైన్లే. అక్కడ ఎస్ఎస్‌డీ ఉందా, కార్డు ఉందా అన్నది ప్రాసెసర్‌కు పట్టదు.

ఉదాహరణకు 2017 నాటి లెనోవో లీజియన్ వై520 తరహా మెషీన్‌ను తీసుకుందాం: ఐ5-7300హెచ్‌క్యూ ప్రాసెసర్, 4 జీబీ జీటీఎక్స్ 1050 టీఐ, ఒక ఎం.2 స్లాట్, ఒక 2.5 అంగుళాల డ్రైవ్ బే. ఆ కాలం నాటి ఏసర్, డెల్, హెచ్‌పీ గేమింగ్ మోడళ్లు చాలావాటికీ ఇవే మెట్లు వర్తిస్తాయి.

## 1. డబ్బు పెట్టే ముందు రెండు పరీక్షలు

అడ్డంకి కార్డేనా, ప్రాసెసరా? ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ (కార్డు వాడకం చూపించే ప్రోగ్రామ్) పెట్టి, మీరు ఎక్కువగా ఆడే గేమ్‌లో ఒక పావుగంట ఆడండి. గ్రాఫిక్స్ వాడకం 95 శాతం పైన నిలబడితే అడ్డంకి కార్డే. 60, 70 దగ్గర ఊగుతుంటే ప్రాసెసర్ అందుకోలేకపోతోందని అర్థం.

అనుమానం తీరకపోతే గేమ్ రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించండి. ఫ్రేములు బాగా పెరిగితే కొత్త కార్డు పనికొస్తుంది. పెరగకపోతే ఎంత పెద్ద కార్డు తెచ్చినా అదే గతి. ఐ5-7300హెచ్‌క్యూకు 4 కోర్లు, 4 థ్రెడ్లే ఉన్నాయి కాబట్టి ఈ పరీక్ష తప్పనిసరి. ఐ7-7700హెచ్‌క్యూ అయితే 8 థ్రెడ్లు, కాస్త ఊపిరి ఉంటుంది.

ర్యామ్ 8 జీబీ ఒకే స్టిక్‌గా ఉంటే ముందు రెండో స్టిక్ వేయండి. అందరూ దాటేసే మెట్టు ఇది. కొందరికి ఇక్కడితోనే సమస్య తీరిపోతుంది.

స్లాట్‌లో నాలుగు లైన్లు ఉన్నాయా? ఎం.2 ఆకారం ఉన్నంత మాత్రాన పీసీఐఈ ఉన్నట్టు కాదు. కొన్ని స్లాట్లు సాటా (పాత, నెమ్మదైన డ్రైవ్ కనెక్షన్) మాత్రమే. ఎన్‌వీఎంఈ (పీసీఐఈ మీద నడిచే) ఎస్ఎస్‌డీ ఇప్పటికే ఉంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచి "ట్రాన్స్‌ఫర్ మోడ్" చూడండి. అక్కడ నిలువు గీతకు రెండు వైపులా రెండు విలువలుంటాయి: ఎడమది ఇప్పుడు నడుస్తున్న వేగం, కుడిది డ్రైవ్ అందుకోగలిగిన వేగం. ఎడమవైపు "పీసీఐఈ 3.0 ఎక్స్4" ఉండాలి; ఎక్స్4 అంటే నాలుగు లైన్లు. "ఎక్స్2" అని ఉండి, కుడివైపు ఎక్స్4 ఉంటే, మీ స్లాట్ సగమే ఇస్తోందన్నమాట. స్లాట్ ఖాళీగా ఉంటే తయారీదారు సర్వీస్ మాన్యువల్‌లో చూడండి, లేదా స్నేహితుడి ఎన్‌వీఎంఈ డ్రైవ్ ఒకటి పది నిమిషాలు పెట్టి చూడండి.

వైఫై కార్డు స్లాట్‌తోనూ కలపొచ్చు గానీ అక్కడ ఒక్కటే లైను. కొన్ని ల్యాప్‌టాప్‌ల బయాస్‌లు (ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) ఆ స్లాట్‌లో తెలియని పరికరాన్ని ఒప్పుకోవు కూడా. ఈ పనికి ఆ స్లాట్‌ను నమ్ముకోవద్దు.

మీ మెషీన్‌లో మెరుపు గుర్తున్న థండర్‌బోల్ట్ 3 పోర్ట్ ఉంటే మీకు విప్పే పనే లేదు. ఎన్‌క్లోజర్ (కార్డు పెట్టే బయటి పెట్టె) కొని గుచ్చితే చాలు, 6వ మెట్టు నుంచి చదవండి. మెరుపు గుర్తు లేని మామూలు యూఎస్‌బీ-సీ పోర్ట్‌కు ఆ పని రాదు.

## 2. ఏ కార్డు కొనాలి

పీసీఐఈ 3.0 ఎక్స్4 అంటే సెకనుకు దాదాపు 4 జీబీ దారి. డెస్క్‌టాప్‌లో కార్డుకు ఉండే దారిలో ఇది నాలుగో వంతు. ఆ ఇరుకును దృష్టిలో పెట్టుకునే ఎంచుకోవాలి.

- వీడియో మెమరీ ఎక్కువ ఉన్నది తీసుకోండి. కార్డు మెమరీ నిండితే మిగతా టెక్స్చర్లు ల్యాప్‌టాప్ ర్యామ్‌లోకి పోయి, ప్రతిసారీ ఆ ఇరుకు దారిలోనే రావాలి. గేమ్ ఆగి ఆగి నడిచేది అప్పుడే. 4 జీబీ కార్డులు వద్దు. 8 జీబీ కనీసం.
- ఆర్ఎక్స్ 6600 (132 వాట్లు, 8 జీబీ), ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ (170 వాట్లు), ఆర్‌టీఎక్స్ 4060 (115 వాట్లు, 8 జీబీ): ఈ ప్రాసెసర్‌కు ఇవి చాలు. ఇంతకు మించి కొంటే ఆ డబ్బు ప్రాసెసర్ దగ్గరే ఇంకిపోతుంది.
- ఇంటెల్ ఆర్క్ వద్దు. రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సౌకర్యం) లేకుండా దాని వేగం బాగా పడిపోతుంది. ఈ వయసు ల్యాప్‌టాప్ బయాస్‌లో ఆ సౌకర్యం ఉండదు.
- ఆర్‌టీఎక్స్ 3060లో 8 జీబీ, 128 బిట్ (మెమరీ దారి వెడల్పు) రకం కూడా ఉంది. డబ్బా మీద పెద్ద అక్షరాలు చూసి మోసపోవద్దు. 12 జీబీ, 192 బిట్ రకమే మనకు కావలసింది.

సెకండ్ హ్యాండ్ కొంటుంటే, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా, బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్నా, నడిపి చూపించమనండి. జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపించే ప్రోగ్రామ్) తెరిపించండి, వేరే చిప్పు మీద పేరు మార్చి రాసిన నకిలీ కార్డుల్లో చాలావాటిని అది "ఫేక్" అని ముందే పట్టిస్తుంది. కార్డును పూర్తి భారంతో నడిపే ఫర్‌మార్క్ పది నిమిషాలు, ఓసీసీటీలో వీడియో మెమరీ పరీక్ష ఒక విడత. రెండోది ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకండి.

## 3. మిగతా సామాను

- అడాప్టర్ బోర్డు. ఎం.2 ఎం-కీ (ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ కూర్చునే రకం) నుంచి ఎక్స్16 స్లాట్‌కు (కార్డు కూర్చునే పొడవాటి స్లాట్) వెళ్లేది; కార్డు నిలబడే ఈ బోర్డునే డాక్ అంటారు. ఏడీటీ-లింక్ ఆర్43ఎస్‌జీ లాంటి రిబ్బన్ కేబుల్ రకం పీసీఐఈ 3.0 మెషీన్లకు సరిపోతుంది. 11వ తరం ఇంటెల్ హెచ్ రకం ప్రాసెసర్, రైజెన్ 6000 తర్వాతి ల్యాప్‌టాప్ అయితే పీసీఐఈ 4.0కు తట్టుకునే ఆక్యులింక్ (కవచమున్న కేబుల్ రకం) డాక్ తీసుకోండి.
- కేబుల్ పొడవు: పని జరిగేంత పొట్టిది, 25 నుంచి 50 సెంటీమీటర్ల లోపు. పొడవు పెరిగేకొద్దీ సిగ్నల్ తప్పులు పెరుగుతాయి.
- డెస్క్‌టాప్ పవర్ సప్లై: 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తింపు), పేరున్న కంపెనీది. 170 వాట్ల కార్డుకు అంత ఎందుకంటే, కార్డులు క్షణకాలం తమ రేటింగ్‌ను దాటి లాగుతాయి. "500 వాట్లు" అని స్టిక్కర్ అంటించిన లోకల్ సప్లైలు ఆ క్షణంలోనే చేతులెత్తేస్తాయి.
- 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ: ఎం.2 స్లాట్ ఖాళీ అయ్యాక విండోస్ ఉండేది ఇందులోనే.
- బయటి మానిటర్. ల్యాప్‌టాప్ సొంత తెర మీదకే బొమ్మ తిప్పితే తయారైన ప్రతి ఫ్రేమూ అదే ఇరుకు దారిలో వెనక్కి రావాలి. ఫ్రేములు కోతపడతాయి.
- చిన్న స్క్రూడ్రైవర్ సెట్, ప్లాస్టిక్ పిక్, ఒకటి రెండు ఎం2 × 3 మి.మీ. స్క్రూలు.

కొనేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి: ల్యాప్‌టాప్ రేపు చచ్చిపోయినా పనికొచ్చేవే మంచివి కొనండి. కార్డు, పవర్ సప్లై, మానిటర్ మూడూ రేపటి డెస్క్‌టాప్‌లోకి వెళ్తాయి. అడాప్టర్ బోర్డు ఒక్కటే ఇక్కడితో ఆగిపోతుంది. పవర్ సప్లై మీద మిగిల్చి ఖరీదైన డాక్ కొనడం తలకిందుల లెక్క.

## 4. విండోస్‌ను ఎం.2 నుంచి సాటాకు మార్చడం

చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. కార్డు గుచ్చడం అరగంట పని; ఇది ఒక సాయంత్రం పని.

1. ముఖ్యమైన ఫైళ్లు బయటి డ్రైవ్‌లోకి కాపీ చేయండి.
2. బిట్‌లాకర్ లేదా డివైజ్ ఎన్‌క్రిప్షన్ (డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ సౌకర్యాలు) ఉందేమో చూడండి. ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకుని, ఆపేయండి. ఈ కీ లేక డేటా మొత్తం పోగొట్టుకున్నవాళ్లకు లెక్కలేదు.
3. 2.5 అంగుళాల బేలో కొత్త ఎస్ఎస్‌డీ బిగించి, క్లోన్‌జిల్లా లాంటి సాధనంతో డ్రైవ్ మొత్తం క్లోన్ (అచ్చు నకలు) చేయండి. విండోస్ పార్టిషన్ ఒక్కటే కాదు. బూట్ పార్టిషన్ కూడా రావాలి. కొత్త డ్రైవ్ పాతదానికంటే చిన్నది కాకుండా చూసుకోండి.
4. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో (విండోస్ బూట్ సెట్టింగులు మార్చే సాధనం) "సేఫ్ బూట్" టిక్ పెట్టిన తర్వాతే క్లోన్ చేస్తే మేలు. ఎన్‌వీఎంఈ నుంచి సాటాకు మారగానే వచ్చే "ఇనాక్సెసిబుల్ బూట్ డివైజ్" నీలితెర, ఒక్కసారి సేఫ్ మోడ్‌లో లేస్తే సాధారణంగా పోతుంది. తర్వాత టిక్ తీసేయండి.
5. షట్‌డౌన్ చేసి ఎం.2 డ్రైవ్ పూర్తిగా తీసి, సాటా డ్రైవ్ ఒక్కదానితో బూట్ చేయండి. రెండు క్లోన్లు ఒకేసారి ఉంచి బూట్ చేస్తే ఏది ఏదో విండోస్‌కే తికమక.
6. రెండు రోజులు అలాగే వాడండి. పాత ఎం.2 డ్రైవ్‌ను అప్పటిదాకా చెరపకండి.

ఇంకో మాట: 7వ తరం ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావాటికి విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10 మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఈ మెషీన్ మీద బ్యాంకు పనులు కూడా చేస్తుంటే ఆ సంగతి లెక్కలో పెట్టుకోండి.

## 5. బిగించడం

ముందు చెక్‌లిస్టు

- ఫాస్ట్ స్టార్టప్ ఆపేశారా? లేకపోతే "షట్‌డౌన్" అన్నది నిజమైన షట్‌డౌన్ కాదు.
- పవర్ ఆప్షన్లలో "లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్" ఆఫ్ చేశారా?
- బయాస్‌లో యూఈఎఫ్ఐ మోడ్ ఉందా? పాత లెగసీ మోడ్ వద్దు.
- ఛార్జర్ తీసేశారా?

అసలు పని

1. వెనక మూత స్క్రూలు తీసి, ఏది ఎక్కడిదో కాగితం మీద ఉంచుకోండి. పొడవు స్క్రూ పొట్టి రంధ్రంలో బిగిస్తే కీబోర్డు వైపు పొడుచుకొస్తుంది.
2. మొదట బ్యాటరీని చూడండి. ఏళ్ల నాటి బ్యాటరీ ఉబ్బి ఉంటే పని అక్కడే ఆపి, ముందు దాన్ని మార్చండి. బాగుంటే దాని కనెక్టర్ ఊడదీయండి. వైరు పట్టి లాగకూడదు. కనెక్టర్ రెండు చెవులను గోటితో కొద్దికొద్దిగా వెనక్కి నెట్టాలి.
3. మూత తీశారు కాబట్టి ఫ్యాన్ల దుమ్ము, ఎండిపోయిన థర్మల్ పేస్టు పని కూడా కానివ్వండి. లోపలి గ్రాఫిక్స్ చిప్ ఇక వేడెక్కదు, కూలింగ్‌లో ఎక్కువ భాగం ప్రాసెసర్‌కే దక్కుతుంది. పేస్టు కూడా కొత్తదైతే ప్రాసెసర్ పూర్తి వేగంలో ఎక్కువసేపు నిలబడుతుంది.
4. ఎం.2 అడాప్టర్‌ను 30 డిగ్రీల వాలులో స్లాట్‌లోకి తోయండి. పూర్తిగా వెళ్తే బంగారు గీతలు సన్నని అంచుగా, అన్ని వైపులా సమానంగా కనబడతాయి. ఒక మూల ఎక్కువ కనిపిస్తే వంకరగా దూరిందని. నొక్కి పడుకోబెట్టి స్క్రూ బిగించండి. స్క్రూ లేకుండా వదిలితే కేబుల్ బరువుకు అడాప్టర్ లేస్తుంది. కార్డు ఒకరోజు కనబడి ఒకరోజు కనబడకపోవడానికి మొదటి కారణం అదే.
5. కేబుల్‌ను ఫ్యాన్ మీదుగా, బ్యాటరీ మీదుగా పోనివ్వకండి. రిబ్బన్‌ను పదునుగా మడవొద్దు. వంపు చూపుడు వేలంత గుండ్రంగా ఉండాలి. బయటికి రావడానికి మూతకు చిన్న గాటు పెట్టాల్సి వస్తుంది. మూత తీసేసి నడపడం తాత్కాలికంగా సరే గానీ, ఆ మూతే గాలిని ఫ్యాన్ల వైపు నడిపిస్తుంది కాబట్టి అలవాటు చేసుకోవద్దు.
6. బ్యాటరీ కనెక్టర్ తిరిగి పెట్టి మూత బిగించండి.
7. కార్డును డాక్ స్లాట్‌లో గుచ్చి, స్టాండుకు స్క్రూ వేయండి. పవర్ సప్లై నుంచి బోర్డుకు దాని ప్లగ్గు, కార్డుకు 8 పిన్ ప్లగ్గు ఇవ్వండి.

ఆ 8 పిన్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పవర్ సప్లైలో చూడ్డానికి ఒకేలా ఉండే 8 పిన్ ప్లగ్గులు రెండు రకాలు. 4+4గా చీలేది ప్రాసెసర్‌ది, 6+2గా చీలేది కార్డుది. రెండింటిలో 12 వోల్టులు, గ్రౌండు తారుమారుగా ఉంటాయి. వాటి మూలల ఆకారం వేరు కాబట్టి తప్పుది సులువుగా దూరదు. దూరడం లేదని బలం పెట్టారో, కార్డు కాలిపోతుంది. విడదీయగల కేబుళ్ల పవర్ సప్లై అయితే దానితో వచ్చిన కేబుళ్లే వాడండి; వేరే కంపెనీ కేబుల్ ప్లగ్గు సరిపోయినా లోపలి వైరింగ్ వేరుగా ఉండొచ్చు.

8. ల్యాప్‌టాప్ ఛార్జర్, పవర్ సప్లై, మానిటర్ మూడూ ఎర్త్ ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి ఇవ్వండి. ఎర్త్ లేని ప్లగ్గులో పెడితే డాక్ లోహం ముట్టుకున్నప్పుడు చిమచిమలాడుతుంది. అది కార్డుకూ మంచిది కాదు, మీకూ కాదు. యూపీఎస్ వాడితే వాట్లు చూసుకోండి. ఇళ్లలో ఉండే 600 వీఏ రకం సాధారణంగా 360 వాట్ల దాకానే మోస్తుంది.
9. మానిటర్ కేబుల్‌ను కార్డుకు గుచ్చండి, ల్యాప్‌టాప్‌కు కాదు. "కార్డు పెట్టినా తేడా లేదు" అనే ఫిర్యాదుల్లో సగం ఈ కేబుల్ దగ్గరే తేలిపోతాయి.

## 6. మొదటి బూట్, డ్రైవర్లు

వరుస ఎప్పుడూ ఒకటే: ముందు పవర్ సప్లై స్విచ్, తర్వాత ల్యాప్‌టాప్. ఆపేటప్పుడు ల్యాప్‌టాప్ ముందు, పవర్ సప్లై తర్వాత. ఎం.2 దారిలో నడుస్తుండగా కేబుల్ తీయడం, పెట్టడం అసలు కుదరదు. థండర్‌బోల్ట్‌కు ఆ వెసులుబాటు ఉంది, దీనికి లేదు.

1. నెట్ ఆపేసి, సేఫ్ మోడ్‌లో డీడీయూ (డ్రైవర్లను పూర్తిగా తుడిచే ప్రోగ్రామ్) నడిపి పాత గ్రాఫిక్స్ డ్రైవర్లు తుడిచేయండి. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు సంబంధించిన ఇంటెల్ డ్రైవర్ ఉండనివ్వండి.
2. మామూలుగా బూట్ చేసి కార్డు డ్రైవర్ వేయండి. ఎన్‌విడియా కార్డు అయితే 580 సిరీస్ వేస్తే లోపలి 1050 టీఐకి, బయటి 3060కి రెండింటికీ పనికొస్తుంది. 1050 టీఐ చెందిన పాస్కల్ తరానికి కొత్త గేమ్ రెడీ డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆగిపోయాయి.
3. డివైజ్ మేనేజర్‌లో లోపలి 1050 టీఐని డిజేబుల్ చేయండి. కొన్ని గేములు దాన్నే పట్టుకుని వేలాడతాయి.
4. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో బయటి మానిటర్ ఒక్కటే నడిచేలా పెట్టండి.

లింకు సరిగా కుదిరిందా? జీపీయూ-జెడ్‌లో "బస్ ఇంటర్‌ఫేస్" పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి రెండర్ టెస్ట్ నడపండి. ఖాళీగా ఉన్నప్పుడు 1.1 చూపించడం మామూలే, కంగారు పడొద్దు. పరీక్ష నడుస్తుండగా "@" గుర్తు తర్వాత "ఎక్స్4 3.0" అని రావాలి. "ఎక్స్4 1.1" దగ్గరే ఉండిపోయినా, "ఎక్స్2", "ఎక్స్1" వచ్చినా కేబుల్ లేదా అడాప్టర్ సరిగా కూర్చోలేదు.

తర్వాత ఒక గంట గేమ్ ఆడి, ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి "డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్" (WHEA-Logger) అనే మూలం నుంచి 17 నంబరు హెచ్చరికలు వచ్చాయేమో చూడండి. ఒకటీ అరా పర్లేదు. వరసగా వందలుంటే సిగ్నల్ తప్పులు జరుగుతున్నాయి. గేమ్ నడుస్తున్నట్టే ఉంటుంది గానీ మధ్యమధ్య తడబడుతుంది. పొట్టి కేబులే మందు.

## 7. ఏమైనా మొరాయిస్తే

డివైజ్ మేనేజర్‌లో ఎర్రర్ 12, "తగినన్ని వనరులు లేవు". పాత బయాస్ కొత్త కార్డుకు అడ్రస్ స్థలం కేటాయించలేకపోతోంది. ముందు లోపలి కార్డును డిజేబుల్ చేసి రీస్టార్ట్ చేయండి. తీరకపోతే డివైజ్ మేనేజర్‌లో కార్డ్ రీడర్, వాడని నెట్‌వర్క్ పరికరాలు ఆపి చూడండి. బయాస్‌లో "అబవ్ 4జీ డీకోడింగ్" ఉంటే ఆన్ చేయండి. ల్యాప్‌టాప్‌లలో అది కనబడటం అరుదు. చివరి దారి డీఎస్‌డీటీ (బయాస్ విండోస్‌కు ఇచ్చే పరికరాల పట్టిక) మార్చడం. అది తెలిసినవాళ్ల చేతనే చేయించండి.

ఎర్రర్ 43. ఎక్కువసార్లు కలగాపులగమైన డ్రైవర్లే కారణం. డీడీయూతో మళ్లీ మొదలుపెట్టండి. అప్పటికీ అదే అంటే కేబుల్ అనుమానించండి.

కార్డు ఫ్యాన్ తిరుగుతోంది, విండోస్‌కు మాత్రం కనబడదు. బయాస్ పరికరాలు వెతికే సమయానికి కార్డు సిద్ధంగా లేదు. కొన్ని బోర్డుల మీద ఆలస్యం స్విచ్ ఉంటుంది. స్థానాలు మార్చి చూడండి. లేదంటే బయాస్ మెనూలోకి వెళ్లి కొన్ని సెకన్లు ఆగి, బయటికొచ్చి బూట్ చేయండి.

ల్యాప్‌టాప్ ఆన్ అవ్వగానే నల్లతెర. కేబుల్ తీసి బూట్ చేయండి. లేస్తే బయాస్ అప్‌డేట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

గేమ్ మధ్యలో మొత్తం ఆరిపోవడం. పవర్ సప్లై. ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్‌ను 70 శాతానికి దించినప్పుడు ఆరిపోవడం మానేస్తే, నిర్ధారణ అయినట్టే.

స్లీప్ నుంచి లేవడం లేదు. స్లీప్ వాడకండి. ఈ అమరికలో అది సరిదిద్దేదాకా కూర్చోవడం వృథా.

## 8. ఎంఎక్స్ఎం మెషీన్ ఉన్నవాళ్లకు

2013 నాటి ఏలియన్‌వేర్ 17, డెల్ ప్రెసిషన్ ఎం6800, ఎంఎస్ఐ జీటీ72, క్లెవో పీ150, పీ170 వరుసల్లో కార్డు నిజంగానే విడిగా ఊడొస్తుంది; అలా ఊడొచ్చే ల్యాప్‌టాప్ కార్డు రకాన్నే ఎంఎక్స్ఎం అంటారు. మీరు అదృష్టవంతులే గానీ, షరతులున్నాయి.

- సైజు: టైప్-ఏ 82 × 70 మి.మీ., టైప్-బీ 82 × 105 మి.మీ. కార్డు సరిపోయినా హీట్‌సింక్ రంధ్రాలు, వెనకాల ఎక్స్ ఆకారపు బిగింపు సరిపోకపోవచ్చు. కొనేముందు ఫొటోలు పక్కపక్కన పెట్టి మెమరీ చిప్పుల స్థానాలు పోల్చండి.
- తెర కనెక్షన్: పాత తెర ఎల్‌వీడీఎస్ (పాత తరం తెర కనెక్షన్) రకమైతే, అది నేరుగా కార్డు నుంచే నడుస్తుంటే, కొత్త తరం కార్డుతో లోపలి తెర వెలగకపోవచ్చు.
- థర్మల్ ప్యాడ్లు: పాతవాటి మందం కొలవండి: 0.5, 1.0, 1.5 మి.మీ. ఒక్క అరమిల్లీమీటర్ ఎక్కువైనా హీట్‌సింక్ చిప్పును తాకదు, ఉష్ణోగ్రత నిమిషంలో 90 దాటుతుంది.
- డ్రైవర్: మీ ల్యాప్‌టాప్ ఐడీ డ్రైవర్ జాబితాలో ఉండదు కాబట్టి ఐఎన్ఎఫ్ ఫైలు (డ్రైవర్ ఏ పరికరాలకు వర్తిస్తుందో రాసి ఉండేది) మార్చాల్సి రావొచ్చు. అప్పుడు స్టార్టప్ సెట్టింగుల్లో 7వ ఎంపికతో డ్రైవర్ సంతకం తనిఖీ ఆపి ఇన్‌స్టాల్ చేయాలి.
- ఛార్జర్: 180 వాట్లది ఉంటే ఇంకా పెద్దదానికి మారండి, అదే కంపెనీది.

ధర కూడా చూసుకోండి. పాత ఎంఎక్స్ఎం కార్డులు అరుదైపోయి, అదే వేగం ఇచ్చే డెస్క్‌టాప్ కార్డు కంటే ఎక్కువ పలుకుతుంటాయి. ఈ మెషీన్లలోనూ ఎం.2 ఎక్స్4 స్లాట్ ఉంటే పై దారే చవక.

## 9. రోజూ వాడేటప్పుడు

ల్యాప్‌టాప్ బయటికి తీసుకెళ్లే రోజున పూర్తిగా షట్‌డౌన్ చేసి, పవర్ సప్లై ఆపి, కేబుల్ డాక్ వైపు ఊడొచ్చే రకమైతే అక్కడే ఊడదీయండి, ఎం.2 వైపు కాదు. ఆ స్లాట్ తరచూ పెట్టి తీయడానికి చేసింది కాదు. వేలాడే కేబుల్ చివరకు చిన్న ప్లాస్టిక్ కవర్ తొడిగి టేపు వేయండి. లోపలి 1050 టీఐని డివైజ్ మేనేజర్‌లో తిరిగి ఎనేబుల్ చేసుకోవడం మర్చిపోవద్దు.

కార్డు బల్ల మీద తెరిచి ఉంటుంది కాబట్టి కేబినెట్‌లో కంటే దుమ్ము త్వరగా పడుతుంది. నెలకోసారి ఫ్యాన్ రెక్కలను వేలితో కదలకుండా పట్టుకుని బ్రష్‌తో దులపండి. పిల్లలు, పిల్లులు తిరిగే ఇల్లయితే మీద వైరు జాలీ బుట్టలాంటిది బోర్లించండి. గాలి ఆడాలి, చేయి మాత్రం దూరకూడదు.